నడుస్తున్న కూలి ఎంత?

1931 మార్చి 3న అమెరికా అధ్యక్షుడు హెర్బర్ట్ హూవర్ సంతకం పెట్టిన కాగితాల్లో రెండు ఇప్పటికీ బతికే ఉన్నాయి. ఒకటి ఆ దేశానికి జాతీయగీతాన్ని ఖాయం చేసింది. రెండోది ప్రభుత్వ భవనాలు కట్టే తాపీవాడికి, వడ్రంగికి, కరెంటు పనివాడికి ఎంత కూలి ముట్టాలో తేల్చింది. గీతం బడిపిల్లలకు కూడా నోటికొచ్చు. రెండోదాని పేరు డేవిస్-బేకన్ చట్టం. నడుముకు పనిముట్ల బెల్టు కట్టుకునేవాళ్లు, వాళ్ల జీతాల పద్దు రాసే గుమస్తాలు తప్ప దాన్ని తలచుకునేవాళ్లు తక్కువ.

దాని పుట్టుక న్యూయార్క్ పక్కనున్న లాంగ్ ఐలండ్‌లో. 1927 నాటికి అక్కడ మాజీ సైనికుల కోసం కేంద్ర ప్రభుత్వం ఆసుపత్రి కట్టిస్తోంది. టెండరు అలబామా కాంట్రాక్టరుకు దక్కింది. అతను దక్షిణాది నుంచి నల్లజాతి కూలీలను వెంటబెట్టుకొచ్చి చవగ్గా పని నడిపించాడు. స్థానిక పనివాళ్లు వెళ్లి తమ కాంగ్రెస్ సభ్యుడు రాబర్ట్ బేకన్ దగ్గర మొరపెట్టుకున్నారు. బేకన్ బ్యాంకరు, సంపన్నుడు, రిపబ్లికన్. కూలీల కోసం కొట్లాడే బాపతు కాదు. అయినా నాలుగేళ్లు బిల్లు వెనక బిల్లు పెడుతూనే పోయాడు. ఈలోగా మహామాంద్యం వచ్చిపడింది. ప్రైవేటు కట్టడాలు ఆగిపోయి, ప్రభుత్వమే పెద్ద దిక్కయింది. టెండరు తక్కువ ధర చెప్పినవాడికే ఇవ్వాలి. సిమెంటు, ఇనుము ధరలు అందరికీ ఒకటే. ఇక తగ్గించడానికి మిగిలేది కూలి. సెనేట్‌లో బిల్లును భుజానికెత్తుకున్న జేమ్స్ డేవిస్ వేల్స్‌లో పుట్టినవాడు, చిన్నప్పుడే ఇనుప కొలిమిలో పనిచేసినవాడు, ముగ్గురు అధ్యక్షుల దగ్గర కార్మిక మంత్రిగా ఉన్నవాడు.

చట్టంలో జాతి ఊసు ఎక్కడా లేదు. కానీ చర్చల్లో కొందరు సభ్యులు చవక నల్లజాతి కూలీల మీద బాహాటంగానే అక్కసు వెళ్లగక్కారు. ఈ మచ్చను దాచి చట్టం కథ చెప్పకూడదు. అలాగని ఆ ఒక్క మచ్చనే చూపించి మొత్తం చట్టాన్నే కొట్టిపారేయమనే కాంట్రాక్టర్ల వాదనా నాకు మింగుడు పడదు. అందులో వాళ్ల లాభం కనిపిస్తూనే ఉంది.

నిజానికి ఆలోచన ఇంకా పాతది. 1891లో కాన్సాస్ రాష్ట్రం, ప్రభుత్వ పనుల్లో ఆ ప్రాంతంలో నడుస్తున్న కూలే ఇవ్వాలని చట్టం చేసింది. అదే ఏడాది ఫిబ్రవరిలో సిడ్నీ బక్స్టన్ ప్రతిపాదన మీద బ్రిటిష్ కామన్స్ సభ న్యాయమైన వేతనాల తీర్మానం చేసింది. అదే ఏడాది నవంబరులో సెయింట్ లూయిస్‌లో కొద్దిమంది లైన్‌మెన్ కూడి సంఘం పెట్టుకున్నారు. నేటి అమెరికా ఎలక్ట్రీషియన్ల మహాసంఘం ఐబీఈడబ్ల్యూ అదే. దాని మొదటి అధ్యక్షుడు హెన్రీ మిల్లర్ స్వయానా లైన్‌మన్. 1896లో వాషింగ్టన్‌లో పనిమీద ఉండగా కరెంటు షాక్ కొట్టి చనిపోయాడు. సంఘం పెట్టినవాడి ప్రాణానికే భరోసా లేని వృత్తి అది.

1931 నాటి చట్టానికి కోరలు తక్కువ. ‘నడుస్తున్న కూలి ఇవ్వు’ అంది కానీ, అదెంతో ముందుగా చెప్పలేదు. పని మొదలయ్యాక తగాదాలు. 1935 సవరణ ఆ లోటు తీర్చింది. టెండరు పిలవకముందే కార్మిక శాఖ ఒక్కో వృత్తికి, ఒక్కో కౌంటీకి కూలి అంకె ప్రకటించాలి. చట్టం వర్తించే కాంట్రాక్టు విలువ 5,000 డాలర్ల నుంచి 2,000కు దిగింది. అంతకుముందు ఏడాదే కోప్‌లాండ్ చట్టం వచ్చింది. పద్దులో పూర్తి కూలి రాసి, సాయంత్రం గేటు దగ్గర అందులో కొంత వెనక్కి గుంజుకునే మేస్త్రీల కోసం చేసిన చట్టం అది. 1964లో ఆరోగ్యబీమా, పింఛను వంటివీ కూలి లెక్కలో చేరాయి.

అసలు పేచీ ‘నడుస్తున్న’ అన్న దగ్గరే. ఒక కౌంటీలో పదిమంది ఎలక్ట్రీషియన్లు ఉన్నారనుకుందాం. నలుగురు సంఘం ఒప్పందం కింద పైసా తేడా లేకుండా ఒకే కూలి తీసుకుంటారు. మిగతా ఆరుగురిదీ తలా ఒక రేటు. సగానికి మించినవాళ్లు ఒకే రేటు తీసుకుంటుంటే అదే నడుస్తున్న కూలి. ఇక్కడ అలా లేదు. 1935 నుంచి ఉన్న లెక్క ప్రకారం కనీసం 30 శాతం మందికి అందే రేటు ఉంటే చాలు. అంటే ఆ నలుగురి రేటే అందరికీ. రేగన్ ప్రభుత్వం ఈ 30 శాతం మెట్టును తీసేసింది. దాంతో పదిమంది సగటే దిక్కయింది. 2023లో బైడెన్ ప్రభుత్వం పాత మెట్టును మళ్లీ తెచ్చింది. అమెరికా కాంగ్రెస్‌లో ఒక్క ఓటూ పడకుండా, కార్మిక శాఖ నిబంధనలో ఒక అంకె మారితే లక్షలమంది జేబులు మారతాయి. ఈ రేట్లు తేల్చడానికి కార్మిక శాఖ చేసే సర్వే కాగితాలు నింపి పంపేది కాంట్రాక్టర్లు, సంఘాలే. పంపనివాళ్ల కూలి లెక్కలోకే రాదు.

రేటు తేలాక దాన్ని ఎగ్గొట్టే దారీ ఉంది. వైరు లాగినవాణ్ని, పైపు వంచినవాణ్ని పద్దులో మామూలు కూలీ అని రాయడం. అందుకే పేరు, వృత్తి, గంటలు, కూలి రాసిన పద్దు వారంవారం సంతకంతో ప్రభుత్వానికి పంపాలి. గుర్తింపు ఉన్న శిక్షణలో చేరిన అప్రెంటిస్‌కు మాత్రమే తక్కువ కూలి చెల్లుతుంది.

అధ్యక్షులు దీన్ని అప్పుడప్పుడూ పక్కన పెట్టారు. 1971లో ధరలు మండుతున్నాయని నిక్సన్, 1992లో తుపానుల తర్వాత పెద్ద బుష్, 2005లో కత్రినా వచ్చాక చిన్న బుష్. 2005లో ఏం జరిగిందో ఎలక్ట్రీషియన్లు బాగా గుర్తుపెట్టుకున్నారు. న్యూ ఆర్లీన్స్ దగ్గర బెల్ చేస్ నౌకాదళ స్థావరంలో తన దగ్గరున్న స్థానిక ఎలక్ట్రీషియన్లను తప్పించి, తక్కువ కూలికి బయటివాళ్లను పెట్టారని ఒక కాంట్రాక్టరు సెనేటర్ల ముందు చెప్పుకొచ్చాడు. తుపానులో ఇల్లు పోయినవాడికి సొంత ఊళ్లో పనీ పోయింది. రెండు నెలలకు బుష్ వెనక్కి తగ్గాడు.

సంఘాల పాపమూ చెప్పాలి. కూలి పెంచుకున్న చోట తలుపు మూసుకున్నారు. చాలా ఎలక్ట్రీషియన్ సంఘాల్లో నల్లజాతివాళ్లకు దశాబ్దాలపాటు ప్రవేశమే లేదు. 1969 ఫిలడెల్ఫియా ప్రణాళికలో, ప్రభుత్వ పనులు చేసే కాంట్రాక్టర్లు నల్లజాతివారిని చేర్చుకునేందుకు లక్ష్యాలు పెట్టుకోవాలని చెప్పిన వృత్తుల్లో ఎలక్ట్రికల్ పని ఒకటి.

మన దారి వేరు. మనకు కనీస వేతనమే కొలమానం. అదీ ప్రభుత్వ పనుల్లోనే దక్కని రోజులున్నాయి. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల కట్టడాల్లో రోజుకు 9 రూపాయల 25 పైసలు ఇవ్వాల్సి ఉండగా, అందులో రూపాయి జమాదార్లు మినహాయించుకున్నారు. పీపుల్స్ యూనియన్ ఫర్ డెమోక్రటిక్ రైట్స్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. కనీస వేతనం కన్నా తక్కువిస్తే అది రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరేనని జస్టిస్ పి.ఎన్. భగవతి తీర్పు రాశారు. కాంట్రాక్టరు మీదకు నెట్టేసి ప్రభుత్వం చేతులు దులుపుకోకూడదనీ తేల్చారు. పాలమూరు కూలీలకు ఈ జమాదారు కొత్తవాడేం కాదు. మన దగ్గర అతన్ని గుంపు మేస్త్రీ అంటారు.

తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వ పనుల అంచనా వేసేటప్పుడు ఇంజినీర్లు ప్రామాణిక రేట్ల పట్టిక చూస్తారు. అందులో నైపుణ్యం ఉన్న పనివాడి రోజు కూలికీ ఒక అంకె ఉంటుంది. అది అంచనా వరకే. టెండరు ఖరారయ్యాక, ఆ అంకె పనివాడి చేతిలో పడిందా అని ఎవరూ అడగరు. కనీస వేతనం ముట్టిందంటే సరి. మధ్యలో తేడా ఎవరి జేబులోకి పోతోందో ప్రభుత్వమే అడగాలి. అంచనాలో రాసిన ఆ కూలినే కాంట్రాక్టులో షరతుగా పెట్టి, పని జరిగే చోట గేటు దగ్గర తెలుగులో బోర్డు కట్టించాలి.