మూతిగుడ్డ ముచ్చట

మూతి తుడుచుకునే గుడ్డకి కూడా చరిత్ర ఉంటుందా అంటే, ఉంటుంది. పిల్లలకి దాని వాడకం నేర్పడానికి కలం పట్టిన మహా పండితుడూ ఉన్నాడు!

పాతకాలపు రోములో విందుకి వెళ్ళే అతిథి తన గుడ్డ తానే పట్టుకెళ్ళేవాడు. దాన్ని ‘మప్పా’ అనేవారు. వచ్చేటప్పుడు మిగిలిన పదార్థాలు అందులోనే మూటగట్టుకునేవాడు. రథాల పందెం మొదలు పెట్టమని అధికారి జారవిడిచేదీ మప్పానే.

1530లో ఎరాస్మస్ అనే డచ్చి పండితుడు పిల్లల మర్యాదల మీద లాటిన్‌లో ఓ చిన్న పుస్తకం రాశాడు. జిడ్డు వేళ్ళు నాకడం, చొక్కాకి పులమడం మర్యాద కాదని, గుడ్డకే తుడుచుకోవాలని బుద్ధి చెప్పాడు. ఆ గుడ్డ ఎడమ భుజం మీదో, ఎడమ ముంజేతి మీదో ఉండాలట. అచ్చం మన కండువాలాగే!

మన ‘రుమాలు’ పారశీకం నుంచి వచ్చింది. ‘రూ’ అంటే ముఖం, ‘మాల్’ అంటే తుడిచేది. అయితే చీరాల తేలియా రుమాళ్ళు మాత్రం అరబ్బు దేశాలకి తలగుడ్డలుగా వెళ్ళాయి. పేరు మూతిది, పదవి నెత్తిది!

1924లో అమెరికాలో క్లీనెక్స్ కాగితం వచ్చింది, ముఖాన రాసుకున్న క్రీము తుడవడానికి. పోనుపోను జేబురుమాలుకే ఎసరు పెట్టింది.

కాగితమైతే పిల్లలు తుడిచి పారేస్తారు. మరక ఎటుపోయిందో ఎవరికీ పట్టదు. గుడ్డ ఇచ్చామనుకోండి, మరక ఇంటికే తిరిగొస్తుంది. అందుకే ఇచ్చిన రోజునే చిన్న సబ్బుముక్క కూడా చేతిలో పెట్టాలి. లేకపోతే కాగితం మిగిల్చిన పుణ్యం పిల్లలది, ఉతికే చాకిరీ అమ్మది అవుతుంది.