టైమ్ ట్రావెలర్ (ఆర్కేడ్ ఆట)

టైమ్ ట్రావెలర్ 1991లో సెగా కంపెనీ ఆర్కేడ్‌లలోకి తెచ్చిన లేజర్‌డిస్క్ వీడియో గేమ్. దీన్ని రూపొందించింది అమెరికాకు చెందిన రిక్ డయ్యర్. యంత్రం ముందు నిలబడితే టీవీ తెర ఎక్కడా కనబడదు. బొమ్మలంత చిన్న మనుషులు నల్లటి వేదికపై, ఖాళీ గాలిలో నడుస్తారు, తుపాకీ పేలుస్తారు, ఎదురుదెబ్బ తగిలితే కూలిపోతారు. దీన్ని హోలోగ్రామ్ ఆటగా ప్రచారం చేశారు గానీ ఇందులో హోలోగ్రామ్ లేనే లేదు. ఉన్నదల్లా ఒక టీవీ, ఒక పెద్ద పుటాకార దర్పణం.

హోలోగ్రఫీ ఆలోచన 1947లో డెనిస్ గాబర్‌కు వచ్చింది. దానికే ఆయన 1971లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. వస్తువు నుంచి వచ్చే కాంతి తరంగాలు మరో కాంతి తరంగంతో కలిసినప్పుడు ఏర్పడే వ్యతికరణ చారలను నమోదు చేయడం దాని మూలసూత్రం. నటులు కదులుతూ, గంతులేస్తూ ఉండే రంగుల దృశ్యాలను అలా నమోదు చేసి చూపడం 1991 నాటి ఆట యంత్రానికి అందే పని కాదు.

అద్దంతో కనికట్టు చేయడం మాత్రం పాత విద్యే. లండన్‌లో 1862లో జాన్ హెన్రీ పెప్పర్ ఏటవాలు గాజుపలకతో నాటక రంగస్థలం మీదికి దయ్యాన్ని రప్పించాడు. టైటో కంపెనీ 1978లో విడుదల చేసిన స్పేస్ ఇన్‌వేడర్స్ ఆట నిలువు యంత్రాల్లోనూ ఇదే సూత్రం పనిచేసింది. టీవీ కిందివైపు దాగి ఉండేది. సగం పారదర్శకమైన అద్దంలో దాని ప్రతిబింబం, వెనక ఉన్న చంద్రుడి నేల చిత్రం కలిసి కనిపించేవి. అది సమతల దర్పణం ఇచ్చే మిథ్యా ప్రతిబింబం కాబట్టి, బొమ్మ ఎప్పుడూ అద్దానికి అవతలే ఉన్నట్టుండేది.

టైమ్ ట్రావెలర్‌లో బొమ్మ అద్దానికి ఇవతలికి వచ్చింది. ఈ ఆట ప్రత్యేకత అంతా ఇక్కడే ఉంది. పుటాకార దర్పణం వక్రతా కేంద్రం దగ్గర వస్తువును ఉంచితే, అంతే పరిమాణంలో తలకిందులైన నిజ ప్రతిబింబం అక్కడే ఏర్పడుతుందని పదో తరగతిలో చదువుకుంటాం. బడిలో కొవ్వొత్తి పెట్టి ఆ ప్రతిబింబాన్ని కాగితం మీద పట్టుకుంటాం. కాగితం తీసేసినా ప్రతిబింబం పోదు. కిరణాలు అక్కడ కలుసుకుని ముందుకు సాగుతూనే ఉంటాయి. ఆ దారిలో కన్ను పెట్టి చూస్తే, మంట గాలిలోనే వెలుగుతున్నట్టు కనిపిస్తుంది. కొవ్వొత్తి స్థానంలో ఆటగాడికి కనబడకుండా దాచిన టీవీ ఉందనుకుంటే, ఈ యంత్రం కీలకం అర్థమైపోతుంది. రెండు కళ్ల చూపూ అద్దం మీద కాక, దాని ముందున్న ఖాళీ స్థలంలోనే కలుస్తుంది. అందుకే మెదడు ఆ మనిషి అక్కడే ఉన్నాడని నమ్ముతుంది.

అద్దం సగం పని చేస్తే, మిగతా సగం నలుపు చేసింది. దృశ్యాల్లో నటుల చుట్టూ నల్లటి నేపథ్యమే ఉంటుంది. నలుపున్న చోట టీవీ నుంచి కాంతి రాదు కనుక తెర అంచులు కనబడవు, మనిషి ఒక్కడే మిగులుతాడు. అయితే ఆ మనిషికి మందం లేదు. గాలిలో తేలుతున్నది చదునైన చిత్రమే. పక్కకు జరిగితే వీపు కనబడదు, మరీ జరిగితే బొమ్మే మాయమవుతుంది.

కథలో మార్షల్ గ్రామ్ అనే అమెరికన్ పశ్చిమ ప్రాంతపు తుపాకీ వీరుడు, కాలాన్ని చెరబట్టిన వల్కర్ అనే విలన్‌ను వెంటాడుతూ యుగాలు దాటి వెళతాడు. ఆట తీరు మాత్రం డయ్యర్ 1983లో డాన్ బ్లూత్‌తో కలిసి చేసిన డ్రాగన్స్ లేయర్ ఆట లాంటిదే. ముందే చిత్రీకరించిన దృశ్యం నడుస్తుంటుంది. సరైన క్షణంలో సరైన వైపు జాయ్‌స్టిక్ తిప్పాలి, లేదా బటన్ నొక్కాలి, తప్పితే చావు దృశ్యమే. కళ్లు చెదిరే ఆ దృశ్యం కింద ఇంత బిగుసుకుపోయిన ఆట ఉండటం పెద్ద లోటు. ఏ క్షణంలో ఏం చేయాలో బట్టీ పట్టాక, మళ్లీ ఆడటానికి కారణం పెద్దగా మిగలదు. జనం ఆసక్తి త్వరగానే చల్లారింది.

అదే యంత్రంలో అమర్చుకునేలా సెగా 1992లో హోలోసియం అనే పోరాట ఆటను తెచ్చింది. ఇందులో లేజర్‌డిస్క్ లేదు, కంప్యూటర్ గీసిన యోధులను ఆటగాళ్లే నేరుగా నడిపిస్తారు. దర్పణానికి తగిన ఆట ఇదేననిపిస్తుంది గానీ అప్పటికే ఆలస్యమైంది, ఆ వరుసలో మరో ఆట రాలేదు. టైమ్ ట్రావెలర్‌ను తర్వాత డిజిటల్ లీజర్ సంస్థ డీవీడీగా విడుదల చేసింది. ఇంటి టీవీలో ఆ దర్పణం ఉండదు కనుక, లోతు భ్రమ కోసం రెండు రంగుల కళ్లద్దాలను ఆశ్రయించాల్సి వచ్చింది.