డచ్చి చిత్రకళలో బైబిలు కుటుంబగాథ: రెంబ్రాంట్ ‘యాకోబు ఆశీర్వాదం’

17వ శతాబ్దపు డచ్చి గణరాజ్యంలో కాల్విన్ మతశాఖ తన చర్చిలలో చిత్రాలకు చోటివ్వలేదు. అందువల్ల బైబిలు గాథాచిత్రాలకు ఇల్లు ముఖ్యమైన ఆశ్రయమైంది. 1637లో వెలువడిన అధికారిక డచ్చి అనువాదం ఆ గాథలను ఇంటి పఠనానికి మరింత చేరువ చేసింది. ఈ నేపథ్యంలో చిత్రకారులు మూలకథను అనుసరించడమేగాక, దానికి వ్యాఖ్యానం కూడా చేశారు. రెంబ్రాంట్ 1656లో చిత్రించిన ‘యోసేపు కుమారులను యాకోబు ఆశీర్వదించుట’ ఇందుకు నిదర్శనం. ప్రస్తుతం ఈ చిత్రం జర్మనీలోని కాసెల్ నగరంలో ఉంది.

ఆదికాండం 48వ అధ్యాయంలో ఇది జ్యేష్ఠత్వ వివాదం. చూపు మందగించిన యాకోబు చేతులు అడ్డంగా మార్చి, కుడిచేతిని చిన్నవాడైన ఎఫ్రాయిము తలపై ఉంచుతాడు. పెద్దవాడు మనష్షేకు అన్యాయం జరిగిందని యోసేపు నొచ్చుకొని, తండ్రి చేతిని తొలగించబోతాడు. రెంబ్రాంట్ చిత్రంలో కుడిచేయి చిన్నవాడి తలపైనే ఉంది. కాని చేతుల అడ్డుమార్పు స్పష్టంగా కనిపించదు. యోసేపు ముఖంలో ఆగ్రహం లేదు. అతని చేయి తండ్రి చేతిని వారిస్తున్నదో, ఆసరా ఇస్తున్నదో తేల్చడం కష్టం. మూలంలోని ఈ ఘట్టంలో ప్రస్తావనే లేని తల్లి ఆసెనతు ఇక్కడ పిల్లల పక్కన మౌనంగా నిలిచి ఉంది.

రెంబ్రాంట్ దివాలా తీసింది కూడా 1656లోనే. అయినా ఈ ప్రశాంతతను అతని జీవితకష్టాలతో ముడిపెట్టడం కంటే, ఈ మార్పులను పాఠవ్యాఖ్యానంగా గ్రహించడం సమంజసం. చిత్రకారుడు దైవనిర్ణయాన్ని మార్చలేదు. వారసత్వ తగవును వెనక్కి నెట్టి, ఆ నిర్ణయాన్ని కుటుంబమంతా కలిసి స్వీకరించే క్షణాన్ని ముందుకు తెచ్చాడు.