మసి

కట్టెల పొయ్యి మీద కాగిన గిన్నె అడుగున పట్టేది మసి. కూర మాడినా, ఇల్లు తగలబడినా 'మసైపోయింది' అంటాం. మసి పూసి మారేడుకాయ చేశాడంటే మోసగించాడని. మన వాడుకలో ఈ మాట నష్టానికో మురికికో మాయకో అంటుకుని ఉంటుంది. సంస్కృతంలో మాత్రం మసి, మషి అంటే సిరా కూడా. దీపపు మసిని జిగురుతో నూరి సిరా చేసేవారు, సిరాబుడ్డి మషీపాత్ర. కాలి మిగిలినదే అక్షరమైంది. ఆ అర్థాన్ని మనం జారవిడుచుకోవడం నాకు బాధే.

తూర్పు కనుమల్లో ఆ అర్థం బతికే ఉంది. అక్కడి సవర గిరిజనులు ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండితో తెల్లగా, మసితోనో బొగ్గుతోనో నల్లగా బొమ్మలు వేస్తారు. అవి ముస్తాబుకు కావు. ఇంట్లో జబ్బు చేసినప్పుడు, పోయినవాళ్లను శాంతింపజేయాల్సి వచ్చినప్పుడు వేసేవి. 1955లో వచ్చిన సవరల మీది తన గ్రంథంలో మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ వీటి గురించి విస్తారంగా రాశాడు.

పోయినవాళ్ల కోసం బొగ్గు పట్టిన చెయ్యి మరొకటి ఉంది. జర్మనీలో చిత్రకారిణి కేథే కోల్విట్జ్ 1914లో చిన్నకొడుకును యుద్ధంలో పోగొట్టుకుంది. తల్లుల దుఃఖాన్ని ఆమె బొగ్గుతోనూ గీసింది. బొగ్గు కాగితాన్ని గట్టిగా పట్టుకోదు. వేలు తగిలితే చెదురుతుంది, చెరిపినా నీడ మిగులుతుంది, చెయ్యి ఎక్కడ అదిమిందో చూపిస్తుంది. ఏడుపుకు ఇంతకన్నా దగ్గరి పనిముట్టు నాకు తెలియదు.

ఇలా బొగ్గుతో గీసిన బొమ్మను మన చిత్రకారులు చార్‌కోల్ అనే అంటున్నారు. మసిబొమ్మ అనవచ్చు, వేలికి అంటుకునే ఆ పొడి మసే.