కాఫీయు పనిపాటలును

కడప మండలమునఁ గాఫీ పురాతన పానీయము కాదు. పూర్వము ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల నేఁతగాండ్రు అంబలి త్రావి గుంటమగ్గములోఁ గూర్చుండుచుండిరి. పులివెందుల సేద్యగాండ్రు సంగటి తిని చేనికిఁ బోవుచుండిరి. బాబా బూదన్ 17వ శతాబ్దమున అరబ్బు దేశమునుండి యేడు గింజలు తెచ్చి మైసూరు కొండలలో నాటెనని ప్రతీతి. 19వ శతాబ్దమునఁ దోటలు పెరిగెను. పిమ్మటఁ గాఫీ ఉద్యోగుల యిండ్లఁ బ్రవేశించి, హోటళ్ల మూలమున శ్రామికులఁ జేరెను.

ఇందు గుణము లేదని మేమనము. 1819లో రూంగె యను జర్మను రసాయనజ్ఞుఁడు వేఱుచేసిన కెఫీను, మెదడునకు బడలికను దెలుపు అడినోసిను పని నడ్డగించును. కావుననే త్రావినవాని చూపు నిలుచును. తెగిన పడుగుపోగు వెంటనే కనఁబడును. కాని బడలిక తెలియకుండుట వేఱు, బడలిక తీఱుట వేఱు. సాయంకాలము పుచ్చుకొన్న కెఫీనులో సుమారు సగము అయిదు గంటల పిదపఁ గూడ నెత్తుట నుండును. నిద్ర చెడిన మఱునాఁటి పనియుఁ జెడును.

నేసిన చీరకే కూలి దొరకువానికి ఈ భేదము బ్రదుకు సమస్య. అంబలి ఆఁకలిని దీర్చెను. కాఫీ దానిని మఱపించును. భోజనముతోడఁ ద్రావుఁడు, భోజనమునకు మాఱుగాఁ ద్రావకుఁడు. అధికశ్రమకు గ్లాసెడు కాఫీ కూలి కానేరదని షావుకార్లును గ్రహింతురు గాక!