కుండలో స్పీకరు, వెనుక ఒక తీగ

ఒక చిన్న ప్రయోగం చేయండి. టీవీలో సినిమా వస్తున్నప్పుడు శబ్దం పూర్తిగా తగ్గించి ఐదు నిమిషాలు చూడండి. తర్వాత శబ్దం పెంచి, తెరకు వీపు పెట్టి కూర్చుని మరో ఐదు నిమిషాలు వినండి. కథ ఎప్పుడు ఎక్కువ అర్థమైంది? చాలామందికి రెండోసారే. అయినా ఇంట్లో సినిమా కోసం నాలుగు రూపాయలు కూడబెట్టినవారు ముందుగా కొనేది పెద్ద తెరనే! కొద్దిపాటి డబ్బుతో ఇంటిని సినిమా హాలుకు దగ్గర చేయాలంటే ముందు బాగుపడవలసింది చెవికి అందే భాగం. ఇది ఎందుకో తెలియాలంటే ఇంటి సినిమా ఎలా ఎదిగిందో కాస్త చూడాలి.

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌ను తీసుకుందాం. 19వ శతాబ్దం చివర బెంగాల్-నాగపూర్ రైల్వేతో పెరిగిన ఊరది. రైల్వేలోనూ, దాని వర్క్‌షాపులోనూ పనికి ఉత్తర కోస్తా నుంచి వెళ్లిన తెలుగువాళ్లు తరాలుగా అక్కడే స్థిరపడ్డారు. అయితే అక్కడికి టీవీ తెలుగు మాట్లాడుతూ రాలేదు. దూరదర్శన్ కలకత్తా కేంద్రం 1975 ఆగస్టు 9న మొదలైంది. 1977లో హైదరాబాద్ కేంద్రం వచ్చినా దాని టవరు తరంగాలు ఖరగ్‌పూర్ దాకా చేరవు. టీవీ తరంగాలు దాదాపు తిన్నగా పోతాయి. భూమి వంపు వాటికి అడ్డు. ఆదివారం మధ్యాహ్నం జాతీయ ప్రసారంలో ఎప్పుడో ఒక తెలుగు చిత్రం వచ్చేది. 1995లో ఈటీవీ వంటి ఉపగ్రహ చానళ్లు వచ్చేదాకా ఇంట్లో తెలుగు సినిమా చూడటానికి ముఖ్యమైన దారి వీడియో క్యాసెట్టే.

1976లో జపాన్‌లో జేవీసీ సంస్థ తెచ్చిన వీహెచ్‌ఎస్ క్యాసెట్‌లో బొమ్మను తిరిగే హెడ్లు ఏటవాలు గీతలుగా రాస్తాయి. శబ్దానికి దక్కింది టేపు అంచున ఒక సన్నని పట్టీ. మన దేశపు టీవీ పద్ధతిలో ఆ టేపు సెకనుకు 2.34 సెంటీమీటర్లు మాత్రమే కదులుతుంది. పాటల క్యాసెట్టు వేగం 4.76 సెంటీమీటర్లు, అంటే ఇది అందులో సగం! వేగం తగ్గితే ముందుగా పోయేది హెచ్చు పౌనఃపున్యాల శబ్దం. ఒక కాపీ నుంచి మరో కాపీ తీస్తే ఇంకా పోతుంది. ‘స’, ‘శ’, ‘ష’ల తేడా ఉండేది ఎక్కువగా అక్కడే. వీధిలో బెంగాలీ, హిందీ వినే పిల్లలకు సినిమాయే తెలుగు పాఠమైన ఇంట్లో ఇది చిన్న నష్టం కాదు. 1984లో హై-ఫై వీసీఆర్ వచ్చి శబ్దాన్ని కూడా తిరిగే హెడ్లకే అప్పగించింది గాని, దాని ధర సామాన్యులకు అందేది కాదు.

అసలు మార్పు వీసీడీతో వచ్చింది. 1993లో దాని ప్రమాణం ఖరారైంది. ఒక డిస్కులో పట్టేది 74 నిమిషాలే. కాబట్టి మన సినిమాకు రెండు, మూడు డిస్కులు కావాలి. బొమ్మ వీహెచ్‌ఎస్ కంటే గొప్పదేమీ కాదు. శబ్దం మాత్రం స్టీరియో! ప్లేయరు వెనుక పసుపు సాకెట్ బొమ్మకు, ఎరుపు, తెలుపు సాకెట్లు రెండు శబ్దాలకు. ఒకే స్పీకరున్న టీవీకి కలిపితే ఆ రెండో శబ్దానికి దారి ఉండదు. ఆ తీగలను లైన్-ఇన్ ఉన్న స్టీరియో టేప్‌రికార్డరుకు కలిపితే తీగ ఖర్చుతోనే స్టీరియో సిద్ధం.

ఇక మన దేశంలో ఎన్నో ఊళ్లలో చేసిన మరో పని: విడి స్పీకరును మట్టికుండ మూతికి బిగించడం. నవ్వకండి, ఇందులో మంచి భౌతికశాస్త్రం ఉంది. 1925లో రైస్, కెల్లాగ్ అనే అమెరికన్ ఇంజనీర్లు వివరించిన స్పీకరే కొద్ది మార్పులతో నేటికీ వాడుతున్నాం. దాని కాగితపు శంకువు ముందుకు కదిలినప్పుడు ముందు గాలి నొక్కుకుంటుంది, వెనుక గాలి పలుచబడుతుంది. 100 హెర్ట్జ్ శబ్దపు తరంగదైర్ఘ్యం సుమారు 3.4 మీటర్లు. అంత పొడవు తరంగం చిన్న స్పీకరు అంచును సులువుగా చుట్టి వస్తుంది. ముందుది, వెనుకది ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. అందుకే విడి స్పీకరులో మద్దెల మోగదు. కుండ వెనుక తరంగాన్ని బంధిస్తుంది. పైగా దాని గోడలు వంపుగా ఉంటాయి. పెట్టెలోలా ఎదురెదురు చదును గోడల మధ్య శబ్దం అటూ ఇటూ తిరిగి గుంయ్‌మనదు. లోపల కాస్త దూది పెడితే ఇంకా మంచిది.

బంధించిన ఆ తరంగాన్ని కూడా వాడుకోవచ్చని బెల్ ప్రయోగశాలకు చెందిన థ్యూరాస్ చూపాడు. 1932లో ఆయనకు దక్కిన పేటెంటు ప్రకారం, పెట్టెకు తగిన కొలతతో గొట్టం పెడితే అందులోని గాలి లోపలి గాలితో కలిసి ఒక స్థాయి వద్ద అనునాదం చెందుతుంది. అక్కడ వెనుక శబ్దం రద్దు చేయకుండా ముందు శబ్దానికి తోడవుతుంది. ఖాళీ సీసా మూతిపై ఊదితే వచ్చే శబ్దం వెనుక ఉన్నదీ ఈ సూత్రమే.

చివరగా వెనుక స్పీకరు. 1970 ప్రాంతంలో డేవిడ్ హాఫ్లర్ అనే అమెరికన్ ఇంజనీరు చెప్పిన ఉపాయం చూస్తే ఇంత సులువా అనిపిస్తుంది. స్టీరియో ఆంప్లిఫయరు ఎడమ ప్లస్‌కు ఒక కొస, కుడి ప్లస్‌కు రెండో కొస కలిపి ఒక స్పీకరును మీ వెనుక పెట్టండి. మైనస్‌లకు ఏమీ కలపరాదు. రెండు తొట్లలో నీటిమట్టం సమానంగా ఉంటే వాటిని కలిపే గొట్టంలో నీరు పారదు కదా! అలాగే మాటలు రెండు చానళ్లలో సమానంగా ఉంటాయి గనుక వెనుక దాదాపు వినపడవు. వాన, జనం గోల, రైలు రొద రెండింటిలో వేర్వేరుగా ఉంటాయి. ఆ తేడా మాత్రమే వెనుక వినిపిస్తుంది. సినిమా హాళ్ల కోసం 1970లలో వచ్చిన డాల్బీ స్టీరియో కూడా వెనుక శబ్దాన్ని ఈ తేడాలోనే దాచింది. 1982లో ఇళ్లకు వచ్చిన డాల్బీ సరౌండ్ డీకోడరు మొదట చేసినదీ ప్రధానంగా ఆ తేడాను బయటికి తీయడమే.

ప్రయత్నించే ముందు ఒక జాగ్రత్త. రెండు మైనస్‌లు లోపల కలిసి ఉన్న ఆంప్లిఫయరుకే ఇది తగును. ఇప్పుడు వచ్చే చాలా చిన్న డిజిటల్ ఆంప్లిఫయర్లలో అలా ఉండవు. మీ కాలేజీ ల్యాబులో మల్టీమీటరు ఉంటుంది. కరెంటు తీసేసి రెండు మైనస్‌ల మధ్య నిరోధం కొలవండి. సున్నాకు దగ్గరగా చూపితే సరే. అప్పుడు కూడా వెనుకకు 8 ఓమ్‌లకు తగ్గని స్పీకరునే వాడండి, శబ్దం మధ్యస్థంగా ఉంచండి. ఎందుకంటే ఈ మూడో స్పీకరు భారం రెండు చానళ్ల మీదా పడుతుంది.