వంగిన గొట్టం, తిరిగే గుండు

పెయింట్‌బాల్ ఆటలో వాడే ఫ్లాట్‌లైన్ అనే తుపాకీ గొట్టాన్ని మొదటిసారి చూసినప్పుడు, అది ఎక్కడో దెబ్బతిని వంగిపోయిందనుకొన్నాను. టిప్‌మన్ సంస్థవారు దానిని కావాలనే విల్లులా వంచారని తెలిశాక నా అజ్ఞానానికి నేనే నవ్వుకొన్నాను. కారణం వెదకబోతే ఆ వెదుకులాట నన్ను 18వ శతాబ్దపు ఇంగ్లండుకూ, అక్కడినుండి మన కోరమండల్ తీరానికీ చేర్చింది.

బెంజమిన్ రాబిన్స్ 1742లో ఫిరంగిశాస్త్రంపై ఒక గ్రంథం వెలువరించాడు. సూటిగా గురిపెట్టినా గుండు పక్కకు ఎందుకు పోతుందన్నది ఆ రోజుల్లో సైన్యాలను వేధించిన ప్రశ్న. గుండు గొట్టం గోడను రాసుకొంటూ వచ్చి గిరగిర తిరుగుతుందనీ, ఆ భ్రమణమే దానిని దారి తప్పిస్తుందనీ రాబిన్స్ ఊహించాడు. నిరూపణకు అతడెన్నుకొన్న మార్గం అద్భుతం. తుపాకీ మూతిని ఎడమకు వంచి పేల్చాడు. గుండు కుడి గోడను ఒరుసుకొంటూ బయటపడింది. వరుసగా నిలిపిన కాగితపు తెరలలో మొదట ఎడమవైపే రంధ్రాలు పడ్డాయి. దూరం పోయేకొద్దీ గుండు కుడికి తిరిగి, గురిరేఖను దాటి అవతలికి పోయింది! పురిపెట్టిన జంట తాళ్ళకు చెక్కబంతిని వేలాడదీసి ఊపి కూడా అతడు ఇదే చూపించాడు.

అతడి గ్రంథాన్ని 1745లో జర్మన్‌లోకి అనువదించిన ఆయిలర్ అంతటివాడు ఈ భ్రమణవాదాన్ని ఒప్పుకోలేదు. తప్పు గుండు ఆకారంలోని లోపానిదన్నాడు. రాబిన్స్ ఈస్టిండియా కంపెనీ కోటల ఇంజినీరుగా మన దేశానికి వచ్చి, 1751లో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో కన్నుమూశాడు. శతాబ్దం తరువాత, 1852లో, బెర్లిన్‌లో ప్రయోగాలు చేసిన మాగ్నస్ పేరే ఈ ప్రభావానికి స్థిరపడింది. ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది.

రాబిన్స్ తుపాకీని కుడివైపు పైకి వచ్చేలా తిప్పి పట్టుకొన్నట్లు ఊహించండి: అదే ఫ్లాట్‌లైన్. గొట్టం కిందికి వంగడంతో బంతి పైగోడను ఒరుసుకొని వెనక్కు తిరుగుతూ వెలువడుతుంది. దాని పైభాగం మీదుగా గాలి వేగంగా పోతుంది, కిందిభాగాన నెమ్మదిస్తుంది. ఫలితంగా బంతికి పైకెత్తే బలం లభిస్తుంది. గోల్ఫ్ బంతి దూరం పోవడానికీ ఇదే కారణమని 1890లలో ఎడింబరో ఆచార్యుడు టెయిట్ వివరించాడు.

పెయింట్‌బాల్ మూడు గ్రాముల జెలటిన్ గుళిక. సెకనుకు 300 అడుగుల వేగాన్ని సాధారణంగా మైదానాలు దాటనివ్వవు. కాబట్టి వేగం పెంచకుండా దూరం పెంచాలంటే ఈ భ్రమణం చక్కని ఉపాయమే. కాని దూరమూ గురీ ఒకటి కావు. రైఫిల్ గుండు తన ప్రయాణదిశ చుట్టూ తిరిగి నిలకడ పొందుతుంది. ఇక్కడ భ్రమణాక్షం అడ్డంగా ఉంటుంది కనుక ఆ నిలకడ రాదు. బంతులు ఒకే తీరున తిరగకపోతే ఒక్కొక్కటి ఒక్కో ఎత్తున పోతుంది. తుపాకీని కాస్త పక్కకు ఒరిగిస్తే, ఎత్తవలసిన బలమే బంతిని పక్కకు లాగుతుంది, అచ్చం రాబిన్స్ తెరల మీద కనిపించినట్లే. పైగా అంతదూరం చేరేసరికి వేగం ఉడిగిపోయి, బంతి తగిలి కూడా పగలకుండా ఎగిరి పడుతుంది. రంగు అంటకపోతే, ఆ దెబ్బ లెక్కలోకి రాదు.